పాత సీడీ ప్లేయరు మూత తీసి చూడడం ఎలా: లోపలి భాగాల గుర్తింపు, మన్నిక అంచనా

జపాన్‌లో 1982 అక్టోబరు 1న సోనీ సీడీపీ-101 అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 1,68,000 యెన్లు. మరుసటి ఏడాది ఫిలిప్స్ సీడీ100 ఐరోపా దుకాణాల్లోకి చేరింది. అప్పటి నుంచి 1990ల చివరి వరకు తయారైన ప్లేయర్లు ఇప్పటికీ అటకల మీద, పాత సామాన్ల అంగళ్లలో, ఆన్‌లైన్ అమ్మకాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. మన ఇళ్లకు వచ్చినవాటిలో కొన్ని గల్ఫ్ నుంచో అమెరికా నుంచో సెలవులకు వచ్చిన బంధువుల పెట్టెల్లో చేరినవే.

ఇలాంటి ప్లేయరు కొనేవారు మొదట అడిగేది అందులో ఏ డాక్ చిప్పు (సీడీలోని అంకెలను శబ్ద సంకేతంగా మార్చే చిప్పు) ఉందనే. శబ్దపు తీరు గురించి ఆలోచించేవారికి ఆ ప్రశ్న సబబే, కానీ యంత్రం ఇంకెంత కాలం నడుస్తుందన్న దానికి అక్కడ జవాబు దొరకదు. డాక్ చిప్పులు ముప్పై నలభై ఏళ్లైనా సాధారణంగా చెక్కుచెదరవు. అరిగేది, మసకబారేది, చివరికి దొరకకుండా పోయేది లేజర్ పికప్పు, అంటే లేజర్‌తో, లెన్స్‌తో డిస్కును చదివే భాగం. అందుకే ఈ మార్గదర్శిలో పరిశీలన లెన్స్ దగ్గర మొదలై బయటికి సాగుతుంది. చిప్పుల వంతు ఆ తర్వాత వస్తుంది.

మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, పవర్ స్విచ్ దగ్గర ఇంటి కరెంటు బయటికి తేలి ఉంటుంది, కాబట్టి మూత తీసేటప్పుడు, చేతులు పెట్టేటప్పుడు ప్లగ్ గోడ నుంచి ఊడదీసి ఉండాలి. రెండోది, సీడీ లేజర్ తరంగదైర్ఘ్యం సుమారు 780 నానోమీటర్లు. కంటికి దాదాపు కనిపించదు గనుక కన్ను దానంతట అది మూసుకోదు. పికప్పుకు నేరుగా పైన ముఖం పెట్టి ఎన్నడూ చూడకూడదు, పక్క నుంచి, కనీసం మూర దూరం నుంచి మాత్రమే గమనించాలి.

మొదటి మెట్టు: మూత తీయకముందే తెలిసేవి

వెనుక ప్యానెల్ మీద మోడల్ సంఖ్య పక్కనే ఓల్టేజీ ముద్రించి ఉంటుంది. జపాన్ అంతర్గత విపణికి చేసినది 100 ఓల్టులకు, అమెరికాకు చేసినది 120 ఓల్టులకు రూపొందింది. మన 230 ఓల్టుల సాకెట్లో వీటిని నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటేనే అలాంటి ప్లేయరు కొనాలి. అమెరికాలో 60 హెర్ట్జ్, మన దగ్గర 50 హెర్ట్జ్ కదా, పాట నెమ్మదిస్తుందేమోనన్న భయం మాత్రం అక్కర్లేదు. కొన్ని పాత గ్రామఫోన్ టర్న్‌టేబుళ్ల మాదిరిగా సీడీ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని అనుసరించి తిరగదు, లోపలి క్వార్ట్జ్ స్ఫటికం లెక్క ప్రకారం తిరుగుతుంది.

తర్వాత ప్లేయరును జాగ్రత్తగా ఎత్తి అడుగు భాగం చూడండి. తొలితరం ప్లేయర్లలో చాలావాటికి రవాణాలో పికప్పు కదలకుండా బిగించే మర ఒకటి అక్కడ ఉంటుంది, చాలాసార్లు ఎర్ర రంగులో. ఆ మర విప్పకుండానే నడిపి చూసి, "డిస్కు చదవడం లేదు" అని చవకగా అమ్మేసిన ప్లేయర్లు నాకు ఒకటికి రెండుసార్లు తారసపడ్డాయి. అలాగే ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్, చెరిపి మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ పెట్టి పరీక్షించి తీర్పు చెప్పకండి. కంపెనీ ముద్రించిన సీడీ తన మీద పడిన కాంతిలో 70 శాతానికి తగ్గకుండా వెనక్కి పంపాలి. సీడీ-ఆర్‌డబ్ల్యూ పంపేది 15 నుంచి 25 శాతమే కాబట్టి పాత ప్లేయరు దాన్ని చదవకపోవడం లోపం కాదు. గీతలు లేని, కంపెనీ ముద్రించిన, 70 నిమిషాలు దాటిన సీడీ ఒకటి పరీక్షకు దగ్గర ఉంచుకోవాలి.

ట్రే మొరాయిస్తే, లేదా మూసుకునేటప్పుడు చివర్లో ఆగి మళ్లీ తెరుచుకుంటే, కారణం చాలావరకు సాగిపోయిన రబ్బరు బెల్టే. అది నామమాత్రపు ఖర్చుతో పోయే లోపం, బేరమాడడానికి మాత్రం మంచి ఆధారం.

రెండో మెట్టు: మూత తీసి విద్యుత్ విభాగం చూడడం

మూత తీయగానే మూలలో ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన డయోడ్లు, లావుపాటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, వేడిని లాగే అల్యూమినియం రేకుకు బిగించిన రెగ్యులేటర్లు (ఓల్టేజీని ఒకే స్థాయిలో నిలిపే భాగాలు) కనిపిస్తాయి. 7805 అని రాసి ఉన్న మూడు కాళ్ల భాగం +5 ఓల్టులది. 79తో మొదలయ్యేవి రుణ ఓల్టేజీలవి. ప్లేయరు నడుస్తుండగా మల్టీమీటరుతో కొలిచినప్పుడు 5 ఓల్టుల చోట 4.6 వస్తుంటే, లెన్స్ సంగతి చూడకముందే రెగ్యులేటరును, దాని ముందున్న కెపాసిటరును అనుమానించాలి. సర్వో, అంటే లెన్స్‌నూ మోటారునూ అదుపులో ఉంచే సర్క్యూటు, చపలత్వానికి మూలం ఒక్కోసారి ఇక్కడే ఉంటుంది.

కెపాసిటర్ల తల ఉబ్బిందా, అడుగున తడి మరక ఉందా అని చూడండి. ఆనాటి జపాన్ బోర్డుల్లో పెద్ద భాగాలు కదలకుండా లేత పసుపు జిగురు పోసేవారు. ఏళ్ల తరబడి వేడికి అది ముదురు గోధుమ రంగుకు తిరిగి, విద్యుత్తును కొద్దికొద్దిగా ప్రసరింపజేస్తూ, తనకు తగిలిన రాగి కాళ్లను తినేస్తుంది. అలాంటి జిగురు కనిపిస్తే ఓపికగా గీకి తీసేయాలి. విశాఖ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో గడిపిన ప్లేయరైతే కనెక్టర్ల పిన్నుల మీద పచ్చటి చిలుము కూడా వెతకాలి.

మూడో మెట్టు: మెకానిజం ఏ వంశానిదో గుర్తించడం

ఈ మెట్టుకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలి, ఎందుకంటే ప్లేయరు ఆయుష్షు ఇక్కడే తేలుతుంది. డిస్కు కింద లెన్స్ కదిలే దారి చూస్తే ప్రధానంగా రెండు వంశాలు కనిపిస్తాయి.

మొదటిది ఫిలిప్స్ వంశం. ఇందులో లెన్స్ ఒక చిన్న చేయి చివర ఉంటుంది. ఆ చేయి తలుపు రెక్కలాగా ఒక ఇరుసు మీద ఊగుతూ డిస్కు లోపలి అంచు నుంచి బయటి అంచుకు చాపంగా కదులుతుంది. పళ్లచక్రాలు లేవు, పట్టాలు లేవు, అరిగే భాగాలు చాలా తక్కువ. సీడీఎం-0, సీడీఎం-1 అనే తొలి రకాలు పోత లోహపు చట్రంతో, గాజు లెన్స్‌తో వచ్చాయి. సీడీఎం-2లో, సీడీఎం-4లో ప్లాస్టిక్ పాలు పెరిగింది. సీడీఎం-9తో ఈ ఊగే చేయి వంశం ముగిసింది. సీడీఎం-12లో ఫిలిప్స్ కూడా తిన్నగా జారే పద్ధతికి మారింది. మెకానిజం రకం దాని చట్రం మీదో, అడుగున అంటించిన చీటీ మీదో రాసి ఉంటుంది, కాబట్టి ముందు బొమ్మ పోల్చి ఊహించకుండా ఆ అక్షరాలు చదవండి. మరాంట్జ్‌తో పాటు ఐరోపాకు చెందిన చాలా కంపెనీలు ఫిలిప్స్ మెకానిజాలే వాడాయి కనుక, ముందు పలక మీది పేరును బట్టి లోపలి వంశాన్ని నిర్ణయించలేము.

రెండోది పట్టాల మీద జారే వంశం, సోనీ పికప్పులు దీనికి ప్రతినిధులు. లెన్స్ ఉన్న దిమ్మ ఒకటో రెండో ఉక్కు కడ్డీల మీద తిన్నగా జారుతుంది; చిన్న మోటారు, పళ్లచక్రాలు దాన్ని నెడతాయి. 1980లలోని ఖరీదైన సోనీ ప్లేయర్లు కొన్నింటిలో పళ్లచక్రాల బదులు లీనియర్ మోటారు ఉంటుంది. అయస్కాంతబలంతోనే దిమ్మ కదులుతుంది కాబట్టి ఒక పాట నుంచి మరో పాటకు రెప్పపాటులో దూకుతుంది. తర్వాత వచ్చిన కేఎస్ఎస్-210ఏ, కేఎస్ఎస్-240ఏ, కేఎస్ఎస్-213 వంటి పికప్పులు సోనీలోనే కాక ఎన్నో ఇతర కంపెనీల ప్లేయర్లలోనూ దర్శనమిస్తాయి. ఈ అక్షరాలు పికప్పు దిమ్మ పక్కనో అడుగునో ఉంటాయి. సాన్యో తయారీ ఎస్ఎఫ్-పీ101ఎన్ కూడా ఇదే తరహాలో అనేక బ్రాండ్లలో కనిపిస్తుంది.

పయనీర్ వారి పీడీ-ఎస్ శ్రేణిలో మరో విశేషం ఉంది. అక్కడ సీడీని బొమ్మ కిందికి వచ్చేలా, గ్రామఫోన్ రికార్డులా పూర్తి వెడల్పు పళ్లెం మీద బోర్లించాలి; లేజర్ పై నుంచి చదువుతుంది. ట్రే చూడగానే గుర్తుపట్టవచ్చు.

మన్నిక విషయంలో నా అంచనా ఇది. సీడీఎం-1 వంటి లోహపు ఊగే చేయి అన్నింటికన్నా ఎక్కువ కాలం నడుస్తుంది, కానీ పోయిన రోజున దాని బదులు పెట్టడానికి మరో పాత ప్లేయరును విప్పడం తప్ప దారి లేదు. కేఎస్ఎస్-213 అంత పటిష్ఠం కాదు, అయినా దానికి బదులు భాగం ఇప్పటికీ చవకగా దొరుకుతుంది. రోజూ గంటల తరబడి వినేవారికి రెండోదే నిశ్చింత. బదులు భాగం దొరకని, ఒకే కంపెనీ కొద్దికాలం మాత్రమే వాడిన పికప్పు ఉన్న ప్లేయరును, ఎంత అందంగా ఉన్నా, ఏకైక ప్లేయరుగా పెట్టుకోవద్దని చెబుతాను.

నాలుగో మెట్టు: బోర్డు మీది చిప్పులను చదవడం

చిప్పుల మీది అక్షరాలు వెలిసిపోయి ఉంటే నేరుగా పై నుంచి లైటు వేసినా కనిపించవు. టార్చిని బోర్డుకు దాదాపు సమాంతరంగా, పక్క నుంచి పట్టుకోండి; చెక్కిన గీతల నీడ పడి అక్షరాలు లేస్తాయి. రెండో వరుసలో నాలుగంకెల సంఖ్య ఉంటే అది చాలావరకు తయారీ తేదీ. 8734 అంటే 1987వ సంవత్సరం 34వ వారం. బోర్డు మీది చిప్పులన్నీ 1987వై, ఒక్కటి మాత్రం 1994ది అయితే అక్కడ ఎవరో మరమ్మతు చేశారని అర్థం.

పికప్పు నుంచి వచ్చే సంకేతం దారిని అనుసరిస్తే చిప్పుల వరుస దానంతట అదే తెలుస్తుంది. పికప్పు నుంచి వచ్చే రిబ్బను (చదునైన తీగల పట్టీ) దిగే చోట సర్వో చిప్పులు ఉంటాయి, సోనీలో సీఎక్స్ఏ1081, సీఎక్స్ఏ1082 వంటివి, ఫిలిప్స్‌లో టీడీఏ5708, టీడీఏ5709. ఆ తర్వాత దోషాలను సరిదిద్దే డీకోడరు వస్తుంది. ఫిలిప్స్‌లో ఎస్ఏఏ7210, సోనీలో సీఎక్స్‌డీ2500 ఇందుకు ఉదాహరణలు. డీకోడరు దాటితే డిజిటల్ ఫిల్టరు, దాని వెనుక డాక్, చివర ఎన్ఈ5532 వంటి ఆప్-ఆంపులు (శబ్ద సంకేతాన్ని పెంచే చిప్పులు), శబ్దాన్ని ఆపే రిలే లేదా ట్రాన్సిస్టర్లు. ఒక్క చానెల్ బలహీనంగా వినిపిస్తే డాక్‌ను తప్పుపట్టకముందు ఈ రిలే కొనలు నల్లబడ్డాయేమో చూడాలి.

డాక్ తరాల్లో ఆసక్తికరమైన చరిత్ర ఉంది. సోనీ సీడీపీ-101లో కుడి ఎడమ చానెళ్లకు కలిపి ఒకే డాక్ వాడారు. అది వంతులవారీగా పనిచేయడం వల్ల రెండు చానెళ్ల మధ్య సెకనులో పది లక్షలవ వంతులు పదకొండు, అంటే సుమారు 11 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. సీడీలోని సంకేతం పదహారు బిట్లది, ఫిలిప్స్ వారి టీడీఏ1540 పద్నాలుగు బిట్లదే. అయినా ఎస్ఏఏ7030 ఫిల్టరుతో నమూనా వేగాన్ని (సెకనుకు ఎన్ని శబ్ద నమూనాలో) 44.1 నుంచి నాలుగింతలు పెంచి 176.4 కిలోహెర్ట్జ్‌కు చేర్చి, మిగిలే రణగొణను వినికిడి పరిధి దాటించి, పదహారు బిట్లకు దగ్గరగా ఫలితం రాబట్టారు. టీడీఏ1540లు ప్లేయరులో రెండు ఉంటాయి. తర్వాత వచ్చిన టీడీఏ1541 పదహారు బిట్లది, ఒకే చిప్పులో రెండు చానెళ్లు. దాన్ని గుర్తించడం తేలిక: 28 కాళ్ల పొడవాటి చిప్పు, దాని రెండు వైపులా గుంపుగా 14 చిన్న కెపాసిటర్లు. పక్కనే ఎస్ఏఏ7220 అనే ఫిల్టరు చిప్పు ఉంటే, కాసేపు నడిపి ప్లగ్ ఊడదీసి వేలు పెట్టినప్పుడు బాగా వేడిగా తగులుతుంది. అది దాని స్వభావమే, రోగం కాదు. టీడీఏ1541ఏలో ఎంపిక చేసిన వాటి మీద కిరీటం గుర్తు ముద్రించేవారు. వాటికున్న గిరాకీ వల్ల మామూలు చిప్పు మీద కిరీటం ముద్రించి అమ్మడం కూడా జరుగుతోంది, కాబట్టి విడి చిప్పుకు పెద్ద ధర పెట్టకండి.

బర్-బ్రౌన్ వారి పీసీఎం56, పీసీఎం58, పీసీఎం63, పీసీఎం1702 జపాన్ ప్లేయర్లలో ఎక్కువ. టెక్నిక్స్ ముందు పలక మీద మాష్ అనో, ఫిలిప్స్ వాటి మీద బిట్‌స్ట్రీమ్ అనో ఉంటే అవి బహుళ బిట్లు వదిలి ఒక బిట్టు తరహా పద్ధతికి మళ్లిన తరం, 1980ల చివరి నుంచి వచ్చినవి.

అయిదో మెట్టు: డిస్కు పెట్టిన మొదటి పది సెకన్లు

మూత తీసే ఉంచి, ప్లేయరుకు కరెంటు ఇచ్చి, పక్క నుంచి చూడండి. డిస్కు లేకుండా ట్రే మూస్తే ముందు పికప్పు లోపలి అంచుకు జరుగుతుంది, తర్వాత లెన్స్ రెండు మూడు సార్లు మెల్లగా పైకీ కిందికీ ఊగి డిస్కును వెతుకుతుంది. ఆ చిన్న కదలిక కళ్లారా కనిపించాలి. డిస్కు పెట్టి మూస్తే ఫోకస్ దొరకగానే మోటారు ఒక్క ఊపుతో తిరగడం మొదలుపెట్టి, విషయసూచిక చదివి, పాటల సంఖ్య తెర మీద చూపిస్తుంది. ఈ వరుసలో యంత్రం ఎక్కడ ఆగిందో గమనిస్తే లోపం ఎక్కడుందో సగం తెలిసినట్టే.

లెన్స్ అసలు కదలకపోతే సర్వోకు కరెంటు రావడం లేదు, లేదా ట్రే మూసుకున్నట్టు చెప్పే స్విచ్ పనిచేయడం లేదు, లేదా రిబ్బను తెగింది. లెన్స్ వెతికినా డిస్కు తిరగకపోతే ఫోకస్ దొరకలేదని. మురికి లెన్స్ కావచ్చు, బలం తగ్గిన లేజర్ కావచ్చు. డిస్కు అదుపు తప్పి గిర్రున తిరిగితే లేజర్ వెనక్కి తెచ్చిన సంకేతం డీకోడరుకు అందడం లేదు. పాటల సంఖ్య చూపడానికి చాలాసేపు తీసుకుంటే ఆ సంకేతం బలహీనం.

ఇక వినికిడి పరీక్ష. సీడీ లోపలి అంచు నుంచి మొదలై బయటికి సాగుతుంది. రేఖ మీద వేగం ఒకేలా ఉండాలి కనుక డిస్కు మొదట్లో నిమిషానికి సుమారు 500 చుట్లు తిరిగి, చివరికి 200 చుట్లకు తగ్గుతుంది. అందువల్ల మొదటి పాటల్లోనే తడబడి, చివరి పాటలు చక్కగా వినిపిస్తే మోటారు నీరసించిందని అనుమానించాలి. మొదటివి బాగుండి చివరివి ఎగిరితే దోషం పికప్పు జారే దారిలోదో, వంకరగా కూర్చున్న డిస్కు పళ్లెంలోదో. చల్లగా ఉన్నప్పుడు ఒకలా, గంట నడిచాక మరోలా ప్రవర్తిస్తే పగిలిన టంకం అతుకులు, అలసిన కెపాసిటర్లు గుర్తుకు రావాలి. సీడీ104 వంటి 1980ల మధ్యనాటి ఫిలిప్స్ ప్లేయర్లలో బోర్డు రెండు ముఖాలనూ కలపడానికి రివెట్లలాంటి చిన్న లోహపు గొట్టాలు వాడారు. కాలక్రమంలో వాటి సంపర్కం వదులవుతుంది. ప్రతిదానిలోనూ సన్నని తీగ దూర్చి రెండు వైపులా టంకం వేస్తే ఆ రోగం శాశ్వతంగా పోతుంది.

ఆరో మెట్టు: లేజర్ వయసు కొలవడం

లేజర్ డయోడు పక్కనే ఒక ఫొటో డయోడు కూర్చుని వెలుగును గమనిస్తూ, దాన్ని ఒకే స్థాయిలో నిలపడానికి కరెంటును సవరిస్తుంటుంది. డయోడు ముసలిదయ్యేకొద్దీ అదే వెలుగుకు ఎక్కువ కరెంటు కావాలి. అందుకే కరెంటు కొలిస్తే వయసు తెలుస్తుంది.

సోనీ పికప్పుల మీద చిన్న చీటీ ఒకటి అంటించి ఉంటుంది. దానిలోని చివరి మూడంకెలు 458 అనుకుందాం. కర్మాగారంలో ఆ లేజర్ 45.8 మిల్లీఆంపియర్లు తీసుకున్నదని అర్థం. సర్వీసు పుస్తకంలో చూపిన నిరోధకం రెండు కొనల మధ్య ఓల్టేజీ కొలిచి, నిరోధకం విలువతో భాగించాలి. నిరోధకం 22 ఓములదైతే సుమారు 1.01 ఓల్టులు రావాలి. 1.11 ఓల్టులు దాటితే కరెంటు పది శాతం పెరిగినట్టు. ఆ లేజర్ ముగింపుకు దగ్గరపడింది. ఆసిలోస్కోప్ (సంకేతాన్ని అలల బొమ్మగా చూపే పరికరం) ఉన్నవారు ఆర్ఎఫ్ పరీక్షా బిందువు (పికప్పు చదివిన సంకేతం కొలిచే చోటు) దగ్గర వజ్రాకారపు గళ్లు స్పష్టంగా తెరుచుకున్నాయా, అలల ఎత్తు సర్వీసు పుస్తకం చెప్పినంత ఉందా అని చూస్తే తీర్పు మరింత నిక్కచ్చిగా ఉంటుంది.

పికప్పు మీద ఉండే, లేజర్ కరెంటును సవరించే బుల్లి పొటెన్షియోమీటరును మాత్రం తిప్పవద్దు. మా మేనమామ గల్ఫ్ నుంచి తెచ్చిన ప్లేయరు పదేళ్లు పాడి, ఒక వేసవిలో చివరి పాటల దగ్గర తడబడడం మొదలుపెట్టింది. దాన్ని బాగుచేయడానికి ఇచ్చిన చోట లేజర్ కరెంటు పెంచి ఇచ్చారు. నెల రోజులు అద్భుతంగా పాడి, తర్వాత పూర్తిగా మూగబోయింది. చాలా ఏళ్ల తర్వాత నేను దాన్ని విప్పినప్పుడు, పికప్పు జారే కడ్డీల మీద గ్రీజు ఎండి మైనంలా గట్టిపడి ఉంది. అసలు రోగం అదే. పాత గ్రీజు తుడిచి, చుక్క కొత్త గ్రీజు రాస్తే సరిపోయే పనికి ఒక మంచి లేజర్ బలైపోయింది.

ఏడో మెట్టు: శుభ్రం చేసి, నిర్ణయం తీసుకోవడం

లెన్స్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా ముంచిన దూది పుల్ల చాలు. లెన్స్ సన్నటి ఆధారాల మీద తేలుతూ ఉంటుంది కాబట్టి నొక్కకుండా, మధ్య నుంచి బయటికి ఒకే సుతిమెత్తని చుట్టు తిప్పండి. అసిటోన్, థిన్నర్ ప్లాస్టిక్ లెన్స్‌ను క్షణంలో పాలిపోయేలా చేస్తాయి. పికప్పు మార్చాల్సి వస్తే చేతికి భూమితో కలిపిన పట్టీ కట్టుకోండి. లేజర్ డయోడును స్థిరవిద్యుత్తు చంపగలదు. కొత్త పికప్పుల మీద రక్షణ కోసం వేసిన టంకపు చుక్కను, రిబ్బను బిగించిన తర్వాతే తొలగించాలి.

ఇవన్నీ చూశాక నేను కొనేది ఎలాంటిదంటే: ఓల్టేజీ మన ఇంటికి సరిపడేది, పికప్పు సంఖ్య చదవగలిగేది, ఆ సంఖ్యకు బదులు భాగం దొరికేది, 70 నిమిషాల సీడీని మొదటి పాట నుంచి చివరి పాట వరకు చల్లగానూ వేడెక్కాకా తడబడకుండా పాడేది. బెల్టు, గ్రీజు, కెపాసిటర్లు, రిలే చెడినా వెనుకాడను, అవి మార్చుకోదగినవే. లేజర్ కరెంటు పది శాతం దాటి, బదులు పికప్పు దొరకని ప్లేయరును మాత్రం, లోపల కిరీటం గుర్తున్న టీడీఏ1541ఏ ఉన్నా సరే, విడిభాగాల ధరకే అడుగుతాను. కొన్న రోజు కొలిచిన లేజర్ కరెంటును, తేదీని చీటీ మీద రాసి మూత లోపలి వైపు అంటిస్తాను. ఏడాదికోసారి మళ్లీ కొలిచి ఆ కిందే రాస్తాను.